అమ్మాయికి సున్నా వస్తే సంతోషం

మా అమ్మాయి చేసేది మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల మీద అప్లికేషన్ సర్వర్లు ఏర్పాటు చేసే పని. ఈ మాట తడబడకుండా పలకడానికే నాకు నెల పట్టింది. నల్లగొండలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. సగం రోజులు ఇంటి నుంచే పని.

మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల్లాంటి చోట్ల లక్షల లెక్కలు చూసే పెద్ద మిషన్. ఐబీఎం కంపెనీ 1964లో ప్రకటించిన సిస్టమ్ 360 సంతతే ఇప్పటివీ. ఎప్పుడో రాసిన కోబాల్ ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయట. వాటి పక్కనే, అదే మిషన్‌లో కొత్త జావా ప్రోగ్రాములు కూడా నడవాలంటే చోటు సిద్ధం చేయాలి. అందుకే వెబ్‌స్ఫియర్ అనే సర్వర్.

"అదెట్లుంటదే?" అంటే పెండ్లి వంటలతో పోల్చి చెప్పింది. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఎవరికేం కావాలో అడిగి లోపలికి చెబుతుంది. ఆవిడ కంట్రోలర్. లోపల వండేవాళ్ళు సర్వెంట్లు. (ఆ పేరు మేం పెట్టింది కాదు, కంపెనీ పెట్టిందే!) జనం పెరిగితే ఇంకో ఇద్దరు వంటోళ్ళను పిలిపించేది వర్క్‌లోడ్ మేనేజర్. ఒకరు కళ్ళు తిరిగి పడిపోతే ఇంకొకరు వస్తారు. బీరువా తాళాలు మాత్రం పెద్దావిడ కొంగుకే. వంటోళ్ళకు వాళ్ళ పనికి కావలసిన సామాను వరకే. ఎవరు ఏది ముట్టుకోవచ్చో ర్యాక్‌ఎఫ్ అనే కాపలాదారు దగ్గర ముందే రాయించాలి.

అసలు కష్టమంతా ముందు జాబితా రాసుకోవడంలోనే ఉందట. ఏ సర్వర్‌కు ఏ పేరు, ఏ పోర్టు నంబరు, ఎవరికి ఏ ఐడీ... అన్నీ కాగితం మీద పెట్టుకుంటుంది. రెండింటికి ఒకే పోర్టు ఇస్తే రెండోది లేవదు. తర్వాత జాబులు వరుస తప్పకుండా ఒకదాని వెనక ఒకటి నడపాలి. ఒక్కోటి అయ్యాక సున్నా వస్తే మంచిది, 8 వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. "అమ్మా, సున్నా వచ్చింది!" అని గంతులేసే పిల్లను మీరెక్కడైనా చూశారా?

మొన్న ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మేనత్త "మెయిన్‌ఫ్రేమా? పాతకాలందట గదా. ఆడపిల్లకు రాత్రి పనెందుకు, పెండ్లయినంక మానిపిద్దాం" అన్నది. మావారు తలూపారు. నాకు మనసొప్పలేదు. 2000 సంవత్సరానికి ముందు మా తమ్ముడు అదే అమీర్‌పేటలో ఇదే చదువు నేర్చుకున్నాడు. అప్పుడూ పాతదనే అన్నారు. వాడింకా దాని మీదే బతుకుతున్నాడు.

మర్నాడే మధ్యవర్తికి ఫోన్ చేశాను. రాత్రి పని నెలకు ఒకట్రెండు సార్లే, సర్వర్ వాడేవాళ్ళు తక్కువ ఉండే వేళ చూసి చేయాలి గనక. మానాల్సిందే అంటే మాకీ సంబంధం వద్దని చెప్పేశాను. మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. అమ్మాయికి ఇంకా చెప్పలేదు. శనివారం రాత్రి దానికి కొత్త సర్వర్ లేపే పని ఉంది, ముందు అది కానివ్వండి.