బూడిద నేల మీద నాలుగు తెగలు

ఆదివాసీ రచయితల పుస్తకంలో కంప్యూటర్ ఆటకు ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. కథ ఎక్కడ చెప్పినా అందులో అడవి జనాన్ని ఎట్లా చూపించారో చూసుకోవడం మన పనే అని మా జవాబు. సినిమాల్లో మనల్ని ఎట్లా చూపిస్తారో మనకు తెలిసిందే. తలకు ఈకలు, ఒంటికి ఆకులు, నిప్పు చుట్టూ గంతులు, ఏ గూడెంలోనూ వినిపించని అరుపులు. వాటితో విసిగిపోయి ఉన్న మాకు మొరోవిండ్ అనే ఆట దొరికింది. మేం ముగ్గురం టీచర్లం, స్కూలు క్వార్టర్లలో ఉన్న ఒక పాత కంప్యూటర్ మీద, సెలవు రోజుల్లో వంతులు వేసుకుని ఆడాం. అందులో మాకు నచ్చిందీ, కోపం తెప్పించిందీ రెండూ ఇక్కడ రాస్తున్నాం.

అమెరికాలోని బెథెస్డా సంస్థ 2002లో తెచ్చిన ఆట ఇది. ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో మూడోది. పాతది కాబట్టి పాత మిషన్ మీద కూడా నడుస్తుంది. మాలాంటి వాళ్లకు అదే మొదటి సుగుణం. మనం ఒక ఖైదీగా ఓడలో వచ్చి వార్డెన్‌ఫెల్ అనే దీవిలో దిగుతాం. పది జాతుల్లో ఏ జాతి మనిషిగా పుట్టాలో మనమే ఎంచుకోవాలి. దిగిన ఊళ్లో ఒక కాగితాల కట్ట చేతికిచ్చి బాల్మోరా అనే పట్నంలో ఒకాయనకు ఇవ్వమంటారు. ఇచ్చినా ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. దీవి అంతా మన ముందు తెరిచి ఉంటుంది.

ఈ ఆటలో ఎటు పోవాలో బాణం గుర్తు చూపించదు. మనుషులను అడిగి తెలుసుకోవాలి. వంతెన దాటు, వాగు పట్టుకుని పైకి పో, రెండు రాళ్ల మధ్య దారి చీలుతుంది, ఎడమకు తిరుగు అని చెబుతారు. మా గూడేల్లో దారి చెప్పేది ఇట్లాగే. చెట్టు, గుట్ట, మడుగు, ఇవే మన బోర్డులు. రాళ్లను చూస్తూ, గుట్టలను గుర్తుపెట్టుకుంటూ నడిచిన వాడికి నాలుగు రోజుల్లో ఆ నేల సొంత ఊరి పొలిమేర లెక్క తెలిసిపోతుంది. పని నేర్చుకునే తీరు కూడా మాకు నచ్చింది. ఆటలో 27 విద్యలున్నాయి. కత్తి తిప్పిన కొద్దీ కత్తి విద్య పెరుగుతుంది, గెంతిన కొద్దీ గెంతడం వస్తుంది. విల్లు పట్టిన పిల్లవాడు విల్లుతోనే నేర్చుకుంటాడు కదా.

ఇబ్బందులూ తక్కువేం కాదు. చెప్పిన దారి ఒక్కోసారి తప్పు ఉంటుంది. తూర్పు అన్నది పడమర అవుతుంది, గంటసేపు బూడిద గాలిలో తిరిగి తిరిగి వెనక్కు వస్తాం. ఎదుటి జంతువు మీద కత్తి దిగినట్టు కళ్లకు కనిపిస్తుంది, ఆట మాత్రం లోపల పాచికలు వేసుకుని తగల్లేదు అంటుంది. పరుగెత్తితే ఆయాసం, ఆయాసంలో కొడితే దెబ్బ ఇంకా తగలదు. క్లిఫ్ రేసర్లు అనే ఎగిరే జంతువులు గద్దల్లా వెంటపడి నడవనివ్వవు. మనం ఒప్పుకున్న పనులన్నీ ఒకే డైరీలో, ఏ రోజుది ఆ రోజు కలగాపులగంగా పడి ఉంటాయి. పనుల వారీగా చూసుకునే వీలు అదే ఏడు చివర్లో వచ్చిన ట్రిబ్యునల్ అనే అనుబంధంతో గానీ రాలేదు. మనుషుల మాటలు చాలావరకు చదువుకోవాల్సినవే, అన్నీ ఇంగ్లీషులోనే. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆడాం. ఇవన్నీ ఓర్చుకోగలిగినవే.

మమ్మల్ని పట్టి కూర్చోబెట్టింది ఆ దీవి భూమి చరిత్ర. ఆ లోకంలో సామ్రాజ్యం ఒకటుంది. దానితో ఒప్పందం చేసుకున్న స్థానిక పెద్ద వంశాలున్నాయి, వాళ్ల గుడి ఉంది. వార్డెన్‌ఫెల్ చాలా కాలం గుడి అధీనంలో ఉండి, బయటి వాళ్లు వచ్చి స్థిరపడటానికి వీల్లేని చోటు. వాళ్ల లెక్కలో మూడో యుగం 414లో దాన్ని వలసకూ వ్యాపారానికీ తెరిచారు. ఆట మొదలయ్యేది 427లో. ఆ 13 ఏళ్లలో కోటలు, తోటలు, ఎబొనీ అనే ఖనిజం గనులు లేచాయి. గనుల్లో బానిసలు తవ్వుతుంటారు. ముందు నుంచీ అక్కడ తిరిగిన సంచార తెగలకు మిగిలింది బూడిద నేల, ఎండు గడ్డి, ఎవరికీ అక్కర్లేని సముద్రపు అంచు. ఇది చదివినప్పుడు మాకు 1/70 చట్టం గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో గట్టిగా రాసుకున్న చట్టం అది. ఆ కట్ట తెగిన రోజు ఏమవుతుందో ఊహించుకోవడానికి ఈ దీవిని చూస్తే చాలు.

ఆ తెగల వాళ్లను ఆష్‌ల్యాండర్లు అంటారు. ఉర్షిలాకు, జైనబ్, అహెమ్ముస, ఎరాబెనిమ్సన్ అని నాలుగు తెగలు. వాళ్ల దగ్గరికి ఊరికే పోకూడదు. ముందు వాళ్లలో పుట్టి పట్నంలో వ్యాపారం చేసుకుంటున్న ఒకాయన దగ్గరికి కానుకతో పోయి మర్యాదలు తెలుసుకోవాలి. పెద్దమనిషి గుడారంలోకి పిలవకుండా అడుగు పెట్టకూడదు. ప్రతి తెగకూ జ్ఞాని అయిన ఒక ఆడమనిషి ఉంటుంది. కలలు చదివేది, పాత మాట మోసేది ఆమే. అహెమ్ముస తెగకైతే నాయకుడు లేడు, ఆ అమ్మే నడిపిస్తుంది. వీళ్లకు చట్టం ఉంది, హాస్యం ఉంది, తమలో తమకు తగాదాలున్నాయి. ఆకుల బట్టలు, నిప్పు చుట్టూ గంతులు లేవు. ఒక తెగను మనుషులుగా చూపించడానికి పెద్ద ఖర్చేం కాదు, మర్యాద ఉంటే చాలు అని అప్పుడనిపించింది.

ఇంకో చోట మా ముగ్గురికీ నోట మాట రాలేదు. ఉర్షిలాకు తెగ జ్ఞాని నిబాని మేసా తమ పాత వాక్కుల్లో కొన్ని మరుపున పడ్డాయని ఒప్పుకుంటుంది. నోటి నుంచి నోటికి వచ్చిన మాట ఎక్కడో తెగింది. పోయిన వాక్కులు చివరికి దొరికేది గుడితో విభేదించి దాక్కున్న పూజారుల రాతల్లో. మాకు మా డోలి వాళ్లు గుర్తొచ్చారు. పడిగె విప్పి ఏ గట్టు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వేల్పు ఎవరిది అని రాత్రంతా చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారు? గోండు అన్నల పురాణాలను 1940లలో హైమన్‌డార్ఫ్ విని రాసుకున్నాడు, 1948లో ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. మన కథ కోసం మనం బయటివాడి బీరువా తెరవాల్సి రావడం కల్పన కాదు. నెరవర్ అనే పాత వీరుడు ఎట్లా చనిపోయాడన్నదానికి ఆటలో గుడి పుస్తకం ఒకటి చెబుతుంది, తెగల మాట ఇంకోటి చెబుతుంది. ఏది నిజమో ఆట తేల్చి చెప్పదు. పాఠ్యపుస్తకంలో అచ్చయిందే చరిత్ర అనుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం మేం చెప్పలేం.

మరి మా కోపం ఎక్కడ? కథానాయకుడి దగ్గర. తెగల వాక్కు ప్రకారం నెరవర్ మళ్లీ పుడతాడు. ఆ పుట్టినవాడు ఎవరయ్యా అంటే, నిన్న ఓడ దిగిన మనం. మనం ఏ జాతి మనిషిగా ఆడినా సరే, వేల ఏళ్లుగా ఎదురుచూసిన తెగలోంచి మాత్రం రాము. నాలుగు తెగలూ ఒప్పుకోవాలి, అదొక్కటే ఊరట. ఆ ఒప్పించే పనులు చూడండి. ఎరాబెనిమ్సన్ తెగలో యుద్ధం కోరే పెద్దలను చంపి మెత్తటివాడిని కుర్చీ ఎక్కించాలి. జైనబ్ నాయకుడు గొప్పింటి పెళ్లికూతురిని అడిగితే, ఒక బానిస పిల్లకు మంచి బట్టలు కట్టించి గొప్పింటిదని నమ్మించాలి. ఆ పిల్లకు చెర వదులుతుంది, అది సంతోషమే. నవ్వులపాలయింది మాత్రం తెగ పెద్ద.

అన్నిటికన్నా బాధ చివర్లో. ఉర్షిలాకు నాయకుడు సుల్-మతూల్ కోరిక ఒక్కటే. వచ్చినవాడు పరాయి వాళ్లను తమ నేల నుంచి పంపించాలి.  మనం ఎర్రకొండ ఎక్కి డాగోత్ ఉర్‌ను చంపుతాం, రోగపు గాలి ఆగిపోతుంది, దారిలో జనం దండాలు పెడతారు. గనులు మాత్రం నడుస్తూనే ఉంటాయి, కోటల్లో సైనికులు ఉంటూనే ఉంటారు, తెగలు ఆ బూడిదలోనే ఉంటాయి. సుల్-మతూల్ కోరిక తీర్చే దారి ఆటలో ఎక్కడా పెట్టలేదు. ఎటైనా పోనిచ్చిన ఆట ఆ ఒక్క వైపు పోనివ్వలేదు. ఎన్నికల ముందు పోడు పట్టాల మాట విన్నవాళ్లకు ఇది కొత్త కథ కాదు.

ఆరో తరగతి పిల్లవాడు ఒకడు మా వెనక నిలబడి చూస్తూ, "సార్, ఈ గుడారాలోళ్లు మనోళ్లేనా?" అన్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. మనోళ్లలాంటోళ్లేరా అన్నాం. "మరి మనం ఆళ్లలో ఒకడిగా ఆడలేమా?" అని అడిగాడు. దానికి మాత్రం లేదనే చెప్పాం.

అయితే ఈ ఆటతో పాటే దాన్ని మార్చుకునే పనిముట్టు కూడా ఇచ్చారు. కొత్త ఊరు, కొత్త మనిషి, కొత్త మాట మనమే చేర్చుకోవచ్చు. టామ్రియెల్ రీబిల్ట్ అనే బృందం వాళ్లు జీతం లేకుండా, ఇరవై ఏళ్లకు పైగా దీవికి ఆవల ఉన్న నేలను కట్టుకుంటూ వస్తున్నారు. ఊరు కట్టడం వాళ్లకు వచ్చినప్పుడు గూడెం కట్టడం మన పిల్లలకు రాకపోదు. బయటివాడు మర్యాదగానే రాశాడు, అందుకు దండం. కానీ తెగలో పుట్టిన పిల్ల తన కాళ్ల మీద ఆ కొండ ఎక్కే కథ ఆ తెగవాడే రాయాలి. మా స్కూల్లో మూలన పడి ఉన్న నాలుగు కంప్యూటర్లు బాగు చేయించమని అర్జీ పెట్టాం. అవి వస్తే మొదట నేర్పబోయేది ఆడటం కాదు.