ఘాటు ఎక్కే లారీ, కదలని కంప్యూటరు

చిత్తూరులో లారీ రేడియేటర్లు బాగుచేసే ఆ షెడ్డులోకి అడుగుపెట్టగానే సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. మే నెల మిట్టమధ్యాహ్నం. బయట ఎండ మండిపోతోంది. నాతో వచ్చిన మా అక్క కొడుకు తిరుపతిలో యానిమేషన్ పని చేస్తాడు. నీళ్లతో చల్లబడే కంప్యూటరును తన చేత్తోనే బిగించుకోవాలని వాడి పట్టుదల. ఏ రేడియేటరు, ఏ ఫ్యాన్లు అన్నచోట నెల రోజులుగా ఆగిపోయాడు. అంగళ్లలో డబ్బాల మీది అంకెలు చూసీ చూసీ విసుగొచ్చి, రేడియేటర్లతోనే బతికేవాళ్లను అడుగుదాం పదమని తీసుకొచ్చాను.

మొగిలి ఘాటులో పొగలు కక్కి తిరిగొచ్చిన లారీ రేడియేటరు మేస్త్రి ముందుంది. పలచని రేకుల్లాంటి ఫిన్నుల మధ్య దుమ్మూ పురుగులూ అట్టకట్టుకుపోయాయి.

"నీళ్లు తక్కువై వేడెక్కిందంటారు సామీ. నీళ్లు నిండా ఉండాయి. గాలి దూరలేదు, అంతే" అన్నాడు.

మేము వెతుకుతున్న మాట అదే. నీళ్లు వేడిని మోసుకొస్తాయి, దించుకోవాల్సింది గాలి. ఎంత పెద్ద రేడియేటరు పెట్టినా నీళ్లు గది కంటే చల్లబడవు. వేసవిలో తిరుపతి మేడగది 36 డిగ్రీలుంటే, నీళ్లు దానికి పది డిగ్రీల పైన 46 దగ్గర నిలిచినా మంచి పనితనమే. చాలా పంపులకు 60 డిగ్రీలు హద్దు. 20 డిగ్రీల గదిలో పరీక్షించి 240 సైజు చాలన్నవారి లెక్క మన ఊళ్లో చెల్లదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పట్టేది 240, మూడు పట్టేది 360. గాలి తగిలే ముఖం ఒకటిన్నర రెట్లవుతుంది. మన ఎండలకు 360 పెట్టడమే న్యాయమని నా అభిప్రాయం.

మావాడు ఫోనులో బొమ్మ చూపించాడు. మందమైన రేడియేటరు, అంగుళానికి 20కి పైగా ఫిన్నులు. "ఇదే కదన్నా మంచిది?"

"ఫ్యాను బలమెంత?" అని మేస్త్రి ఎదురడిగాడు. "రోడ్డు మీద ఎదురుగాలి ఉంటాది. ఘాటులో బండి పాకతా పోతాది, గాలి ఉండదు. అంతా ఫ్యానే లాగాల."

నాకు కంప్యూటరు గుట్టు అక్కడ వీడింది. అది ఎన్నటికీ కదలదు, దానికి ఎదురుగాలి లేదు. పుట్టినప్పటి నుంచీ అది ఘాటులో ఉన్న లారీయే. కాబట్టి రేడియేటరునూ ఫ్యానునూ విడివిడిగా ఎంచుకోలేం. దట్టమైన ఫిన్నుల్లోంచి గాలిని తోయాలంటే ఫ్యాను జోరుగా తిరగాలి, అంటే రాత్రంతా హోరు. అంగుళానికి పది పన్నెండు ఫిన్నులుంటే నెమ్మదిగా తిరిగే ఫ్యాను చాలు, దుమ్మునూ సులువుగా ఊదేయొచ్చు. ఫ్యాను డబ్బా మీది సీఎఫ్ఎం అంకె అడ్డు లేనప్పుడు వీచే గాలి లెక్క. అడ్డు ఉన్నప్పుడు గాలి ఎంత ఒత్తిడితో దూరుతుందో చెప్పేది స్టాటిక్ ప్రెషర్. రేడియేటరుకు చూడాల్సింది ఆ అంకెను.

మేస్త్రి లారీ ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్‌ను తట్టి చూపించాడు. అది పగిలితే గాలి ఫిన్నుల్లోకి పోకుండా పక్కసందుల్లోంచి తిరిగొస్తుందట. ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య సందులుంటే ఫోము పట్టీతో మూయాలని మావాడు రాసుకున్నాడు.

లోహాల దగ్గర మేస్త్రి గొంతు గట్టిపడింది. పాత లారీ రేడియేటర్లు రాగి, ఇత్తడివి. టంకం పట్టేది, బతికేవి. ఇప్పుడు చాలావరకు అల్యూమినియమూ ప్లాస్టిక్ ట్యాంకులూ. రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీళ్లలో కలిపితే అల్యూమినియం తినేసుకుపోతుంది. మావాడు రాగి రేడియేటరుకు చవకలో దొరికిన, ప్రాసెసరు మీద బిగించే అల్యూమినియం వాటర్ బ్లాకు జతచేయబోయాడు. ఆ ఆలోచన అక్కడే మానుకున్నాడు. బోరు నీళ్లు అసలే పనికిరావు. మన గిన్నెల అడుగున పేరుకునే తెల్లటి పొర సన్నటి దారుల్లో పేరుకుంటే ఇక అంతే. డిస్టిల్డ్ వాటరూ, తుప్పు పట్టనివ్వని మందూ కలిసిన కూలెంటే పోయాలి.

మాటల్లోనే మేస్త్రి అతుకు పూర్తిచేశాడు. మూతులు బిగించి, రేడియేటరును నీళ్లతొట్టిలో ముంచి, పంపుతో గాలి కొట్టాడు. మావాడు తొట్టి మీదికి వంగి చూస్తున్నాడు.

"మామా, నీళ్లు పోసేముందు నేనూ ఇట్లే గాలి కొట్టి చూస్తా" అన్నాడు.

ఒక మూల నుంచి సన్నగా బుడగలు పైకి లేచాయి. మేస్త్రి ఆ చోట సుద్దతో గీత గీసి, రేడియేటరును మళ్లీ బల్ల మీదికెత్తాడు.