ఆరు గుర్రాలు తగ్గిన బండి

హైదరాబాదు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మురళీ,

బండి తీసుకున్నాను. నువ్వు వద్దన్నదే తీసుకున్నాను. కావాసాకి నింజా 1100 ఎస్‌ఎక్స్. ఫోన్లో చెబితే నన్ను సగం కూడా చెప్పనివ్వవు, వాదనకి దిగుతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, తిట్టాలనిపిస్తే ఆ తర్వాత తిట్టు.

నీ అభ్యంతరం నాకు బాగా గుర్తుంది. "పాత వెయ్యి సీసీ బండికి 142 గుర్రాల బలం. కొత్తదానికి ఇంజన్ పెంచి బలం 136కి దించారు. ఎక్కువ డబ్బు పోసి తక్కువ బలం కొంటావా?" అన్నావు. కాగితం మీద నీ లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ లెక్కలోపల ఇంకో లెక్క ఉందిరా. పాత ఇంజన్ 1043 సీసీ, ఇది 1099. సిలిండర్ వెడల్పు రెండింటికీ అదే 77 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరాన్ని మాత్రం 56 నుంచి 59కి పెంచారు. మార్పంతా ఆ మూడు మిల్లీమీటర్లలోనే ఉంది. స్ట్రోక్ పెరిగితే ఇంజన్ పై ఆర్‌పీఎమ్‌ల దగ్గర కాస్త ముందే ఆగుతుంది, కింద, మధ్యలో మాత్రం గట్టిగా లాగుతుంది. పాతదాని పూర్తి బలం చూడాలంటే 10,000 ఆర్‌పీఎమ్ దాకా తిప్పాలి. దీనికి 9,000 చాలు. టార్క్ 111 న్యూటన్ మీటర్ల నుంచి 113కి పెరిగింది. అదీ ఇదివరకటిలా 8,000 దగ్గర కాకుండా 7,600 దగ్గరే అందుతోంది. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. తోలి చూస్తే వేరే బండే.

ఇంకో మాట. నాలుగు వరుసల హైవే మీద మోటార్‌సైకిల్‌కి మన కేంద్రం పెట్టిన వేగపరిమితి గంటకి 80 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికైతే టూవీలర్‌ని రానివ్వనే రానివ్వరు. పదివేల ఆర్‌పీఎమ్ దగ్గర దాక్కున్న ఆ ఆరు గుర్రాలని నేను ఎక్కడికి తోలుకెళ్ళను చెప్పు? లారీని దాటేటప్పుడు, ఘాట్‌లో మలుపు తిరిగి పైకెక్కేటప్పుడు, వెనక మనిషి కూర్చున్నప్పుడు ఏ బలం పలుకుతుందో అదే నాకు కావలసింది. ఈ బండిని తయారుచేసినవాళ్ళు ఆ సంగతి తెలిసి చేశారనే నా నమ్మకం. బ్రోచర్‌లో పెద్ద అంకె కనిపించాలని ఆశపడకుండా ఇలా చెయ్యడానికి ధైర్యం కావాలి.

మొదటి పెద్ద ప్రయాణం శ్రీశైలమే. ఇంకెక్కడికి వెళతాను? తుక్కుగూడ దాటేసరికి ఇంకా చీకటి. కడ్తాల్ దగ్గర టీకి ఆగాను. అప్పటిదాకా ముందున్న అద్దం కింది మెట్టులో ఉంది. గాలి ఛాతీకి తగలడం లేదు కానీ సరిగ్గా హెల్మెట్ నుదుటి దగ్గర కొట్టుకుని ఒకటే హోరు. మీటరు కింద ఒక మీట ఉంది. దాన్ని నొక్కి అద్దాన్ని వంచితే నాలుగు ఎత్తుల్లో ఆగుతుంది, స్పానర్ అవసరం లేదు. అన్నిటికన్నా పైమెట్టుకి పెట్టి బయల్దేరాను. హోరు హెల్మెట్ మీంచి దాటిపోయింది. అప్పుడు మొదటిసారి కింద ఇంజన్ పలకడం వినిపించింది. నాలుగు సిలిండర్లూ కలిసి ఒకే సన్నని స్వరం, ఎక్కడా వణుకు లేదు. చేతుల్లో తిమ్మిరి రాకపోవడమంటే ఏమిటో ఆర్‌ఎక్స్ 100 మీద గుంటూరు నుంచి మాచర్ల దాకా పోయినవాడికి వేరే చెప్పాలా? ఆ బండి మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. 98 సీసీలు, పదకొండు గుర్రాలు, అంత చురుకు. కానీ దిగాక గంటసేపు చేతులు మనవి కావు.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూసి "లీటరుకెంతిస్తది?" అని అడిగారు. పదిహేడు, పద్దెనిమిది అన్నాను. తలాడించి, "ఇంత పెద్ద బండికి మంచిగనే ఇస్తుంది" అన్నారు. నాకు నిజంగా సంతోషం వేసింది. ట్యాంకు 19 లీటర్లు పడుతుంది కాబట్టి, బంకు కోసం వెతుక్కోకుండా మూడొందల కిలోమీటర్లు పోవచ్చు. హైదరాబాదు నుంచి శ్రీశైలం చేరుకుని, ఇంకా కొంత మిగులుతుంది.

కావాసాకి అనగానే మా నాన్నగారి 4ఎస్ ఛాంపియన్ గుర్తొస్తుంది. ట్యాంకు మీద కావాసాకి బజాజ్ అని రెండు పేర్లూ ఉండేవి. ఆ రెండు కంపెనీల పొత్తు మన దేశంలో 2017లో ముగిసింది. ఇప్పుడు ట్యాంకు మీద ఒకటే పేరు.

మన్ననూరు చేరేసరికి ఆరవుతోంది. అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకి తీస్తారని నీకు తెలుసుగా, అందరం వరసలో నిలబడ్డాం. అక్కణ్ణుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఫర్హాబాద్, వటవర్లపల్లి మీదుగా దోమలపెంట దాకా నెమ్మదిగా పోవాలి. మనుషుల కన్నా జంతువుల హక్కు ఎక్కువున్న దారి అది, అలాగే ఉండాలి కూడా. కోతులు, అక్కడక్కడ జింకలు. ఆ తోవలో నలభైకి మించకుండా తోలాను. నీకు నేను చెప్పదలచుకున్నది సరిగ్గా అక్కడే తేలింది. మామూలుగా లీటరు ఇంజన్ బండిని అంత నెమ్మదిగా నడిపితే గొలుసు టకటకలాడుతుంది, బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మాటిమాటికీ క్లచ్ పట్టాలి. ఇది నాలుగో గేరులో, అతి తక్కువ ఆర్‌పీఎమ్ మీద, విసుగు లేకుండా నడిచింది. ఖాళీ దొరికిన చోట మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే గేరు దించమని అడగకుండా అందుకుంది. పైగా ఇందులో క్విక్‌షిఫ్టర్ 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర్నుంచే పనిచేస్తుంది. క్లచ్ ముట్టుకోకుండా కాలితోనే గేర్లు పైకీ కిందికీ వేసుకోవచ్చు. ఇలాంటివి రేసు ట్రాక్ కోసమేనని నేను ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. కోతులున్న అడవి రోడ్డు మీద ఇంత హాయినిస్తుందని ఎవరూ చెప్పలేదు.

దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగే ఘాట్‌లో ఆర్టీసీ బస్సు ముందు నడుస్తోంది. దాటడానికి చోటు లేదు, తొందర కూడా లేదు. మలుపు ముందు రెండో గేరులోకి దిగడం, బండిని వంచడం, మలుపు మధ్యనుంచే మెల్లగా ఊపు ఇవ్వడం. 238 కిలోల బండి అది. ఆపి పక్కకి తోస్తే ఆ బరువు నడుముకి తెలుస్తుంది. కదిలాక మాత్రం ఎక్కడికి పోతుందో తెలియదు. హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉంది కాబట్టి మణికట్ల మీద భారం పడదు. ముందుకి కొద్దిగా వంగి కూర్చుంటాం కాబట్టి ముందు చక్రం ఏం చేస్తోందో చేతికి తెలుస్తుంది. మలుపులో బ్రేకు పట్టినా, ఇసుక తగిలినా బండి ఎంత వంగి ఉందో కొలిచే సెన్సర్ ఉంది, దాన్ని చూసుకుని ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తాయి. ఘాట్‌లో వాటి అవసరం పడలేదు. ఉన్నాయన్న ధీమాతో మాత్రం తోలాను.

స్పోర్ట్, టూరింగ్ రెండూ ఒక్క బండిలో ఎలా కుదురుతాయని అడిగావు. కుదురుతాయిరా, అందుకు యాభై ఏళ్ళుగా కష్టపడుతున్నారు. 1976లో బీఎండబ్ల్యూవాళ్ళు ఆర్100 ఆర్‌ఎస్‌కి తొడుగు చెయ్యడానికి ఇటలీలో పినిన్‌ఫరీనావాళ్ళ గాలి సొరంగంలో పరీక్షలు జరిపారు. మనిషి గాలితో కుస్తీ పట్టకుండా ఎక్కువసేపు వేగంగా పోవాలన్నదే అప్పటి ఆలోచన. అప్పటినుంచి ఈ రకం బండి వెతుకుతున్నది అదొక్కటే: చేరాక మనిషి అలిసిపోకూడదు, దారిలో మలుపులు చప్పగా ఉండకూడదు.

ఇక డబుల్స్ సంగతి. ఆ తర్వాతి వారం మీ చెల్లెమ్మని వెనక ఎక్కించుకుని సాగర్ దాకా వెళ్ళాను. ఆవిడ ఎక్కేముందు సీటు కింద పక్కగా ఉన్న నల్లటి గుండీని పట్టుకుని తిప్పాను. టిక్ టిక్ మంటూ తిరుగుతుంది, వెనక షాక్ స్ప్రింగు బిగుస్తుంది. పాత బండ్లలో ఈ పనికి సి ఆకారపు స్పానర్ పట్టుకుని వేళ్ళ చర్మం ఊడగొట్టుకునేవాళ్ళం, గుర్తుందా? ఇక్కడ చేతి గ్లవ్ కూడా తియ్యక్కర్లేదు. అలా బిగించకుండా ఇద్దరు కూర్చుంటే వెనక కుంగి, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, మలుపులో బండి బద్ధకిస్తుంది. బిగించాక ఇద్దరమున్నా ఒక్కడినే తోలుతున్నట్టుంది. పట్టుకోవడానికి రెండు పక్కలా గట్టి పిడులున్నాయి. మీ చెల్లెమ్మ తీర్పు మాత్రం ఇలా ఉంది: సీటు మెత్తగానే ఉంది, మోకాళ్ళు కాస్త ఎక్కువ ముడుచుకోవలసి వస్తోంది, గంటకోసారి ఆపాలి. నేను ఒప్పుకున్నాను. గంటకోసారి ఆపితే నాకూ మంచిదే.

బాగాలేనివి కూడా చెప్పాలి. నేల నుంచి పొట్ట ఎత్తు 135 మిల్లీమీటర్లే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా వేస్తే ఏ బండికీ ఇబ్బంది లేదు. మన ఊళ్ళలో సిమెంటు మిగిలితే వేసేస్తున్నారు, మోకాలెత్తు గట్టులాంటివి. రంగు లేదు, బోర్డు లేదు. రాత్రిపూట వాటి మీద ప్రాణాలు పోతున్నాయి. నా బండి పొట్ట గీసుకుపోతుందన్న బాధ కన్నా ఆ కోపమే నాకు ఎక్కువ. ప్రతి గట్టు దగ్గరా ఏటవాలుగా, కాలినడక వేగంతో దాటిస్తున్నాను. రెండోది, వేసవి మధ్యాహ్నం పంజాగుట్ట సిగ్నల్లో నాలుగు సిలిండర్ల ఇంజన్ని తొడల మధ్య పెట్టుకుని నిలబడటం ఎవరికైనా కష్టమే. ఊళ్ళో తిరగడానికి స్కూటర్ ఉంది, అది అలాగే ఉంటుంది.

డబ్బు సంగతి దాచను. 2024 డిసెంబరులో దీన్ని మన దేశంలో విడుదల చేసినప్పుడు షోరూం ధర 13 లక్షల 49 వేలు. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్సు దాని పైన. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకి జీఎస్టీ 40 శాతమయింది, అంతకుముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. చిన్న బండ్లకి 18కి తగ్గించారు, అది మంచి పని. మనలాంటివాళ్ళు ఆ 40 శాతం కట్టుకోవలసిందే. అంత డబ్బు పెట్టడం సబబేనా అంటే, ఏటా రెండుసార్లు తోలి మిగతా రోజులు కవర్ కప్పి ఉంచేవాడికి కాదు. ప్రతి నెలా నల్లమలకో, అరకుకో, హంపికో పోవాలనుకునేవాడికి, దారిలో సగం దూరం వెనక మనిషి ఉండేవాడికి, ఇంతకన్నా తగిన బండి నాకు కనిపించలేదు. ఎత్తైన అడ్వెంచర్ బండి తీసుకోమన్నావు. అవి మట్టిదారికి. నేను తారు దాటి దిగను.

డిసెంబరులో వస్తానన్నావు కదా. మీ డాలస్ చుట్టూ రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయని ఎన్నాళ్ళు వాపోతావు? ఇక్కడ లైసెన్సు గడువు ఉందో, అయిపోయిందో ముందే చూసుకో. అయిపోయి ఉంటే దాన్ని పొడిగించే పని ఇప్పుడే మొదలుపెట్టు. హెల్మెట్ సైజు రాసి పంపు, తెచ్చి ఉంచుతాను. మన్ననూరు గేటు నుంచి డ్యామ్ దాకా బండి నీ చేతికిస్తాను. ఆరు గుర్రాలు తగ్గాయని అప్పుడు చెప్పు, వింటాను.

నీ,
సత్యం