రెండవ బంతి



గత వేసవిలో కొండాపూర్‌లో ఉంటున్న మా అన్న కుమారుని చూడ వెళ్ళాను. సాయంత్రం “బౌలింగ్ ఆడదాం రండి బాబాయ్” అన్నాడు. క్రికెట్ అనుకొని బయలుదేరాను. తీరా చూస్తే ఏసీ హాలు, కాళ్ళకు అద్దె బూట్లు!

నున్నని బాట చివర, 60 అడుగుల దూరంలో, సీసాల వంటి 10 పిన్నులు ముక్కోణంగా నిలిచి ఉన్నాయి. మూడు రంధ్రాల బరువైన బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. ఫౌల్ లైన్ అనే గీత దాటితే ఆ బంతి లెక్కకు రాదు. ఒక్కొక్క వంతు ఒక ఫ్రేమ్. అందులో 2 బంతులు. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్, మిగిలినవి రెండవదానికి పడితే స్పేర్. నా బంతి పక్క కాలువలోకి పోయింది. దాన్ని గట్టర్ అంటారట. పక్కనున్న పిల్లలు నవ్వారు.

మావాడి మొదటి బంతికి 3 పడ్డాయి, రెండవదానికి మిగతా 7. బోర్డుమీద ఏటవాలు గీత వచ్చింది గాని మొత్తం రాలేదు.

“లెక్క వెయ్యలేదేమిరా?”

“ఇంకా తేలలేదు బాబాయ్. తర్వాతి బంతికి ఎన్ని పడితే అన్నీ ఈ పదికి కలుస్తాయి.”

అంతలో వాని గొంతు మారింది. ఉద్యోగం పోయి 4 నెలలైందట. ఊళ్ళో అమ్మకు చెప్పలేక, అప్పు చేసి నెలనెలా డబ్బు పంపుతున్నాడు. ఆ డబ్బులో దశమభాగం మా వదిన తప్పక కానుక పెట్టెలో వేస్తున్నది. ఆ సంఘ కాపరిని నేనే.

ఆట సగంలోనే లేచాము. బూట్లు తిరిగి ఇచ్చి, బయట మెట్లమీద కూర్చుని ప్రార్థించాము. వాడు ఫోను తీసి, “అమ్మా, బాబాయ్ పక్కనే ఉన్నారు” అని మొదలుపెట్టాడు.