వగరు తెలిసినవాళ్ళకి ఫ్రెంచ్ రెడ్ వైన్

ఫ్రెంచ్ రెడ్ వైన్ సీసా మీద చాలాసార్లు ద్రాక్ష పేరు ఉండదు. ఊరి పేరో ప్రాంతం పేరో ఉంటుంది. మనకి ఇది కొత్త కాదు. బంగినపల్లి అంటే ఊరు, మామిడిపండు కూడా. గుంటూరు అంటే చాలు, మిరపకాయ గుర్తొస్తుంది.

నేను లీడ్స్‌లో పుట్టి పెరిగాను. తెలుగు చదవడం, రాయడం ముప్పై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. అదే ఏడాది సాయంత్రం పూట వైన్ రుచి చూడడం నేర్పే క్లాసులో చేరాను. అక్కడ అందరూ తడబడింది టానిన్ దగ్గర. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వస్తుంది. నాలుక గరుకుగా అవుతుంది, చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటాయి. పక్కనున్నాయన "బాగా మరిగిన టీ" అన్నాడు. ఒకావిడ "ఉన్నిగుడ్డ" అంది. నాకు మాత్రం అమ్మ మాట వచ్చేసింది: వగరు. పచ్చి అరటికాయ, నేరేడుపండు, జామపిందె. మన ఆరు రుచుల్లో ఒకటి!

అప్పటినుంచి ప్రాంతాలని వగరుతోనే గుర్తుపెట్టుకుంటున్నాను. బోర్డోలో నదికి ఎడమ వైపు మెడాక్. గులకరాళ్ళ నేల, తొక్క మందంగా ఉండే కాబెర్నే సోవిన్యోన్. కొత్తగా ఉన్నప్పుడు వగరు ఎక్కువ, ఏళ్ళు గడిస్తే మెత్తబడుతుంది. కుడి వైపు పొమెరోల్‌లో బంకమట్టి, మెర్లో ద్రాక్ష, వగరు తక్కువ. బర్గండీలో పీనో న్వార్‌కి తొక్క పల్చన. వగరు కన్నా పులుపే ముందు తెలుస్తుంది. మంచివి నేను కొనలేను. 1395లో అక్కడి డ్యూక్ గమే అనే ద్రాక్షని పీకేయమన్నాడు. అది దక్షిణాన బోజొలేలో, గ్రానైట్ నేలలో బాగా స్థిరపడింది. మోర్గోన్, ఫ్లూరీ ఆ ద్రాక్షవే. డ్యూక్ వద్దన్నదే నా జేబుకి సరిపోయింది.

ఇదంతా అమ్మకి చెప్పడమే కష్టం. తెలుగులో జ్వరానికి వేసుకునేదీ మందే, తాగేదీ మందే. మా తాతయ్య ఆ రెండో మందు వల్ల రెండెకరాలు పోగొట్టాడు. అమ్మ ఇంట్లో సీసా కనపడకూడదు. "వైన్ వేరు అమ్మా" అని నేను అనను. తనకి వేరు కాదు.

కానీ మాటల కోసం తన దగ్గరికే వెళ్ళాలి కదా. ఒకసారి తను నా ఫ్లాట్‌కి వచ్చినప్పుడు, ఉత్తర రోన్‌లోని కోర్నాస్ వైన్ గ్లాసులో పోసి, తాగక్కర్లేదు, వాసన చూడు చాలు అన్నాను. చాలాసేపు ఆలోచించి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మిరియాలు దంచినట్టుంది" అంది. కోర్నాస్‌ది సిరా ద్రాక్ష. సిరాలోనూ మిరియాల్లోనూ ఒకే వాసన పదార్థం ఉంది, పేరు రొటన్డోన్. అమ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

తర్వాత గ్లాసు దూరంగా జరిపింది. "ఎంత తాగుతావు?"

"వారానికి రెండు గ్లాసులు."

"లెక్కపెట్టుకుంటున్నావా?"

లెక్కపెట్టుకుంటున్నాను.

ఇంకా చూడనిది నైరుతి మూలనున్న మదిరాన్. పేరు చూస్తే మన 'మదిర'లా ఉంది, నవ్వొచ్చింది. అక్కడి ద్రాక్ష టానాట్, వగరుకి పేరు మోసినది. కొవ్వున్న మాంసంతో ఆ వగరు తగ్గుతుంది, అక్కడ బాతుతో తింటారు. నేను మటన్ వేపుడు చేస్తాను, కొవ్వు తీయకుండా.