కొండ ఇచ్చిన ఎత్తు

ప్రాగ్‌లో ఊయెజ్ద్ స్టాపు దగ్గర ట్రామ్ దిగితే పెత్రిన్ కొండ ఎదురుగానే ఉంటుంది. పైకి వెళ్లే ఫ్యూనిక్యులర్ రైలు ఆ రోజుల్లో మరమ్మతుల్లో ఉంది. “నడవగలవా మావయ్యా?” అన్నాడు మా మేనల్లుడు. అక్కడే చదువుకుంటున్నాడు, కొండకు రోజూ వచ్చేవాడిలా మాట్లాడతాడు. “అలిపిరి మెట్లెక్కిన కాళ్లురా ఇవి” అన్నాను.

కొండ పాదం దగ్గరే మెట్ల వరస మీద ఏడు కంచు మనుషులు నిలబడి ఉన్నారు. అందరూ ఒకే మనిషి రూపం. ముందున్నవాడు నిండుగా ఉంటాడు, వెనక్కి పోయేకొద్దీ చెయ్యి పోతుంది, ఛాతీ చీలిపోతుంది, చివరివాడిలో మనిషి ఆనవాలు మాత్రమే మిగులుతుంది. కమ్యూనిస్టు పాలనలో బలైనవాళ్ల కోసం 2002లో పెట్టిన స్మారకం ఇది. అక్కడ సెల్ఫీలు దిగేవాళ్లూ ఉన్నారు. మేం ఆగలేదు.

దారి తోటల్లోంచి పోతుంది. ఆపిల్, పియర్ చెట్లు, గడ్డి మీద పడుకుని పుస్తకాలు చదువుకునే కుర్రకారు. ఒక పక్కన కోట గోడ కొండెక్కుతూ కనిపిస్తుంది. దాన్ని ‘ఆకలి గోడ’ అంటారు. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1360 ప్రాంతంలో కట్టించాడు. కరువులో పేదలకు ఇంత కూడు పెట్టడానికే ఆ పని పెట్టించాడని జనం చెప్పుకుంటారు. శత్రువుల భయం కూడా ఉండే ఉంటుంది, ఊరికే ఎవరూ గోడలు కట్టరు. కానీ కరువు పని అన్న మాట మనకూ పరిచయమే కదా. 1877-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వి కూలి తిన్నవాళ్ల గురించి విన్నవాడిని, ఆ రాళ్లను చేత్తో తడమకుండా ముందుకు పోలేకపోయాను.

చెట్లు పలచబడ్డాక టవర్ కనిపించింది. “పారిస్ దాని పిల్ల!” అన్నాడు మావాడు. నిజమే, చూడగానే ఈఫిల్ గుర్తొస్తుంది. 1889 ప్రదర్శనకు పారిస్ వెళ్లిన చెక్ పర్యాటకుల సంఘం వాళ్లు ఈఫిల్ టవర్ చూసి మనసు పారేసుకున్నారు. ప్రాగ్ అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1891లో చెక్‌లు తమ పనితనం చూపించుకోవడానికి పెద్ద ప్రదర్శన పెట్టుకున్నారు, జర్మన్ వ్యాపారులు దాన్ని బహిష్కరించారు. ఆ పంతం వాతావరణంలో లేచింది ఈ ఇనుప టవర్. మార్చిలో పని మొదలైతే ఆగస్టుకల్లా జనం ఎక్కారు. ఎత్తు సుమారు 60 మీటర్లు, అంటే ఈఫిల్‌లో అయిదో వంతు. ఈఫిల్‌కి నాలుగు కాళ్లు విడివిడిగా ఉంటాయి, దీనికి ఎనిమిది పలకల ఒళ్లు. ఎత్తు తక్కువైందన్న చింత వాళ్లకు లేదు, కొండ ఉందిగా! సముద్రమట్టం నుంచి కొలిస్తే రెండింటి తలలూ సమానమేనని ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతారు. అరువు ఎత్తే అయినా, ఆ లెక్క నాకు నచ్చింది.

లోపల లిఫ్ట్ ఉంది. మేం మెట్లే ఎక్కాం. మొత్తం 299. నడిమి గొట్టం చుట్టూ రెండు మెట్ల వరసలు మెలికలు తిరుగుతాయి, ఎక్కేవాళ్లది ఒకటి, దిగేవాళ్లది ఇంకొకటి. ఎదురుపడి దారి ఇచ్చుకోవలసిన పని లేదు. ఇనుప కమ్ముల సందుల్లోంచి గాలి ఈడ్చి కొడుతుంది. ఒకావిడ మధ్యలో ఆగి కమ్మీ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. టవర్ ఊగుతోందా అంటే, కాస్త ఊగుతోంది.

పైన అద్దాల గది. తూర్పు కిటికీ దగ్గర చోటు దొరకడానికి కాసేపు పట్టింది. మధ్యాహ్నం దాటాక రావడం మంచిదైంది. ఎండ మన వీపు మీదుగా ఊరి మీద పడుతుంది. కింద మాలా స్ట్రానా ఎర్ర పెంకుల కప్పులు, వాటికి అవతల వల్తావా నది, చార్లెస్ వంతెన, నది దాటాక టీన్ చర్చి జంట శిఖరాలు. వంతెన మీద జనం కదలడం మామూలు కంటికే తెలుస్తోంది. మరీ పెద్ద టవర్లెక్కితే ఊరు పటంలా పరుచుకుంటుంది, అందులో మనుషులు మాయమవుతారు. ఇక్కడ పెరట్లో బట్టలు ఆరేస్తున్న మనిషి కూడా కనిపించింది. నగరాన్ని చూడటానికి ఇంతకు మించిన ఎత్తు అక్కర్లేదనిపించింది.

ఉత్తరాన కోట. దాని మధ్య సెయింట్ వీటస్ కేథడ్రల్ శిఖరం దాదాపు మన కళ్ల ఎత్తున నిలబడుతుంది. చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఆ గుడికి 1344లో పునాది పడింది. యుద్ధాలొచ్చాయి, డబ్బు అయిపోయింది, పని శతాబ్దాల పాటు సగంలో ఆగిపోయింది. పూర్తయింది 1929లో. అంటే ఈ టవర్ తొలిసారి ఎక్కినవాళ్లు చూసింది ఇంకా ముగియని గుడిని. కొన్ని నెలల్లో లేచిన ఇనుప టవర్, ఆరువందల ఏళ్ల రాతి పని పూర్తి కావడం చూసింది. 

దూరంగా తూర్పున జిష్కోవ్ టీవీ టవర్ పొడుగ్గా కనిపిస్తుంది, 216 మీటర్లు. దాని స్తంభాల మీద డేవిడ్ చెర్నీ చేసిన పాకే పసిపిల్లల బొమ్మలుంటాయి. 1953లో చెకోస్లోవేకియా టీవీ మొదలైనప్పుడు ప్రసారాలు సాగింది పెత్రిన్ నుంచే. 1992లో జిష్కోవ్ ఆ బరువు అందుకుంది.

పడమటి కిటికీ దగ్గర రద్దీ లేదు. అటు చూస్తే స్ట్రాహోవ్ స్టేడియం, రెండు లక్షలకు పైగా జనం పట్టే మహా మైదానం. కమ్యూనిస్టు కాలంలో వేలాదిమంది ఒకేసారి చేతులెత్తి, వంగి, లేచి కసరత్తులు చేసింది అక్కడే. ఇప్పుడు ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు సాధన చేసుకుంటున్నారు. ఫోటోలు తీసేవాళ్లంతా ఈ కిటికీని వదిలేయడం నాకు అన్యాయం అనిపించింది.

“జిష్కోవ్ కూడా ఎక్కుదామా మావయ్యా?” అన్నాడు దిగేటప్పుడు. వద్దు, గుడికి తీసుకెళ్లమన్నాను. మర్నాడు వెళ్లాం. పాత రాయి ఎక్కడ ఆగిందో, కొత్త రాయి ఎక్కడ మొదలైందో వెతుక్కున్నాను. కొత్త భాగంలో ఆల్ఫోన్స్ ముఖా గీసిన రంగుటద్దాల కిటికీ ఉంది. 1931 నాటిది. డబ్బిచ్చింది ఒక బ్యాంకు. పునీతుల పాదాల కింద, అద్దం అడుగున, మన గుళ్లో ట్యూబ్‌లైట్ మీద దాత పేరున్నట్టు ఆ బ్యాంకు పేరు స్పష్టంగా రాసి ఉంది. మావాడు పగలబడి నవ్వాడు, కాపలాదారు మా వైపు చూశాడు.