ఠాణా గోడ మీది పేర్లు

నెలాఖరు వచ్చిందంటే పేపర్ల జిల్లా పేజీలో ఒక ఫోటో తప్పకుండా ఉంటుంది. శాలువా కప్పుకుని, మెడలో దండతో కుర్చీలో కూర్చున్న ఏఎస్సై, పక్కన ఆయన భార్య, వెనక నిలబడ్డ సిబ్బంది. కింద పదవీ విరమణ సన్మానం అని రాస్తారు. అదే పేజీలో బదిలీలు, పదోన్నతులు, సేవా పతకాలు, రక్తదాన శిబిరం, వాలీబాల్ పోటీలు, ఏదో గూడెంలో దుప్పట్ల పంపిణీ. మా స్టాఫ్‌రూంలో అందరూ ఆ పేజీ తిప్పేస్తారు. నేను మాత్రం చివరిదాకా చదువుతాను.

ఎందుకంటే మా ఇళ్లల్లో పోలీసుకు పేరు ఉండేది కాదు. "పోలీసులొచ్చిన్రు" అనేవాళ్లు, అంతే. వానొచ్చింది, పులొచ్చింది అన్నట్టు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మీద తుపాకులు పేల్చిందెవరో, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిపిందెవరో మా అవ్వలకు తెలియదు. ఇంద్రవెల్లిలో పోయినవాళ్లు సర్కారు లెక్కలో 13 మంది. మావాళ్ల లెక్క వేరు. చాలా ఏళ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే స్తూపం దగ్గరికి పోనివ్వకుండా నిషేధాజ్ఞలు పెట్టేవాళ్లు. చనిపోయినవాళ్ల పేర్లు అక్కడ గట్టిగా చదవడానికి కూడా వీలులేకుండా పోయింది.

ఒక జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఓ దుకాణంలో పని చేస్తున్న నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. అబిడ్స్‌లో బస్సు ఎక్కే తొందరలో బ్యాగు పోయింది. అందులో పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం ఉన్నాయి. మెమోకు నకలు కావాలంటే ఠాణా నుంచి కాగితం అడుగుతారు. నేను అప్పుడు పట్నంలోనే ఉన్నాను, వెళ్లాను. ఠాణా గేటు దగ్గర ఆగిపోయాడు.

"వద్దు సార్, మెమో లేకున్నా ఏమైతది."

"తమ్మీ, నువ్వు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నవు గదా?"

"అది వేరే సార్."

నిజంగానే చదువుతున్నాడు. ఏజెన్సీ ఆదివాసులకు ఎత్తు 160 సెంటీమీటర్లు ఉంటే చాలని తెలిసిన రోజు నుంచి పొద్దున్నే పరుగు పెడుతున్నాడు. రేపు తాను వేసుకోవాలనుకుంటున్న బట్టలే ఎదురుగా కనబడితే కాళ్లు కదలడం లేదు. నేను నవ్వలేదు.

లోపల ఓ మహిళా కానిస్టేబుల్ కూర్చోమని కాగితం ఇచ్చారు. రాయడం అయ్యాక గోడ మీది బోర్డు వైపు చూశాం. అధికారుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ గల్లీకి ఎవరు బాధ్యులో వరుసగా ఉంది. పక్కన పదోన్నతి పొందినవాళ్లకు అభినందనలు, నుమాయిష్ రోజుల్లో ట్రాఫిక్ మళ్లింపు, తప్పిపోయి దొరికిన పిల్లవాడి కబురు. మావాడు పేర్లన్నీ నెమ్మదిగా చదివాడు. ఆత్రం, మడావి, సిడాం... ఒక్క ఇంటిపేరు కూడా మాది లేదు. అయినా పది నిమిషాలకు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. ఎదుట ఉన్నది ఎవరో తెలిస్తే మనిషి అలా కూర్చుంటాడు కాబోలు.

పట్నంవాళ్లకు ఇది పాత అలవాటే. అబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. దానికోసం పాటుపడ్డ వెంకటరామారెడ్డి గారు 1920లో నగర కొత్వాలు అయ్యారు. పోలీసు పెద్ద ఎవరో, ఏం చేస్తున్నాడో ఊరందరికీ తెలుసు, ఆయన కట్టించిన నీడలో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు చదువుకున్నారు. మా వైపు మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం వచ్చింది 1943లో, అదీ భీం పోయిన తర్వాత, హైమన్‌డార్ఫ్ పూనికతో. పాతికేళ్ల తేడా. ఈ తేడాను నేను క్లాసులో చెప్తుంటాను, కోపంతో కాదు, తారీఖులుగా.

మీరు తెలుసుకోవాల్సింది ఒకటుంది. గోడ మీద పేర్లు రాయడం ఎవరి దయా కాదు. సమాచార హక్కు చట్టం, 2005 నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు ఆఫీసు తన ఉద్యోగుల జాబితాను ఎవరూ అడగకముందే బయటపెట్టాలి. ఆ సమాచారం చేరవేసేటప్పుడు స్థానిక భాషను కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే సెక్షన్ చెప్తుంది. ఉట్నూరు వైపు స్థానిక భాష ఏది? నన్నడిగితే గోండి, కొలామి. ఇక అరెస్టు చేసే పోలీసు తన పేరు కనిపించే బిళ్ల పెట్టుకోవాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టయిన వాళ్ల వివరాలు చూసే అధికారి ఒకరు ప్రతి ఠాణాలో ఉండాలని, ఆ వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ చెప్తుంది. కొడుకును ఎక్కడికి తీసుకుపోయారో తెలియక నాలుగు ఠాణాలు తిరిగిన తల్లులు మన గూడేల్లో ఉన్నారు. వాళ్లకు ఆ గోడ ఎంత విలువైందో వేరే చెప్పాలా?

దుప్పట్ల ఫోటో నాకు నచ్చనిది అందుకే. ఇచ్చినవాళ్లకు పేరుంటుంది, హోదా ఉంటుంది. తీసుకున్న ముసలవ్వ "గిరిజనులు" అవుతుంది.

అక్టోబర్ 21న గోషామహల్ మైదానంలో పోలీసు అమరుల పేర్లు చదువుతారు. 1959లో లడాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో చనిపోయిన జవాన్ల రోజు అది. పేరు పేరునా చదవడం మంచి పద్ధతి, దాన్ని నేను గౌరవిస్తాను. ఈ కాలంలో అలా పోయేవాళ్లలో మనవాళ్లూ ఉంటున్నారు. 2023 ఏప్రిల్‌లో దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర పేలుడులో చనిపోయిన 10 మంది, స్థానిక యువకులతో కట్టిన డీఆర్‌జీ దళం వాళ్లే. ఇంద్రవెల్లిలోనూ అలాగే, పేరు పేరునా చదివే రోజు రావాలని నా కోరిక.

ఆ వారంలో పిల్లలకు ఠాణాలు చూపిస్తారు. మొన్న మా ఎనిమిదో తరగతిని తీసుకెళ్లాను. తుపాకుల దగ్గర మగపిల్లలు మూగారు. నేను ముందే చెప్పిన పని మాత్రం అందరూ చేశారు, సిబ్బంది పేర్లు అడిగి నోటుబుక్కులో రాసుకున్నారు. ఓ పిల్ల ఇంకో అడుగు వేసి, "సార్, మీకు గోండి వస్తదా?" అని ఒక కానిస్టేబుల్‌ను అడిగింది. ఆయన కాస్త తడుముకుని, చేత్తో తాగినట్టు చూపించి "ఏర్" అన్నాడు. నీళ్లు అని. పిల్లలంతా గొల్లుమన్నారు, ఆయనా నవ్వాడు.

మర్నాడు నోటుబుక్కులు దిద్దుతుంటే ఆ పిల్ల పేజీలో ఆయన పేరు కనబడింది. హోదా రాయమన్నచోట "ఏర్ తెలుసు" అని రాసింది.